పాత లోకాలకు కొత్త సున్నం



ఈ పుటల్లో ఇంతవరకూ పద్యాల గురించీ, పాత పుస్తకాల గురించీ రాస్తూ వచ్చాను. ఈసారి టపా ఒక ఆట గురించి. సాహిత్యం రాసుకునే చోట ఆటల గోల ఏమిటని విసుక్కోబోయేవారికి ముందుగానే ఒక మనవి. ఇది బంతితో ఆడేది కాదు, నోటితో ఆడే కథ. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి, మిగిలినవారు తలా ఒక పాత్ర. "ఎదురుగా వాగు పొంగుతోంది, వంతెన కొట్టుకుపోయింది, ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. పాత్రధారులు చెబుతారు. సందేహం వచ్చిన చోట ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. ఈ పద్ధతికి ఆద్యమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో అచ్చయింది. కర్తలు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్.

ఈ ఆటలో నియమాలకు ఒక పుస్తకం, కథ జరిగే లోకానికి మరొక పుస్తకం ఉంటాయి. ఆ లోకాన్ని ఆటగాళ్ళు క్యాంపెయిన్ సెట్టింగ్ అంటారు. నేను కథాలోకం అంటాను. నియమాలకు కొన్నేళ్ళకొకసారి కొత్త కూర్పు వస్తుంది. రెండవది 1989లో, మూడవది 2000లో, నాలుగవది 2008లో, అయిదవది 2014లో వచ్చాయి. ఆ అయిదవదానికే సవరించిన రూపం 2024లో మొదలైంది. కొత్త కూర్పు వచ్చిన ప్రతిసారీ పాత కథాలోకాలను అటక మీదనుంచి దింపి, దుమ్ము దులిపి, కొత్త నియమాల కొలతలకు కత్తిరించి కుట్టి మళ్ళీ అమ్ముతారు. నా పేచీ ఆ కత్తిరింపుతో.

నా వాదన ఇది. ఒక కథాలోకానికి దాని రూపం వచ్చేది అందులో లేనివాటి వల్ల. పునరుద్ధరణ పేరుతో ఆ లేమిని పూడ్చేసి, పేర్లనూ పటాలనూ మాత్రం మిగిల్చితే తిరిగి వచ్చింది ఆ లోకం కాదు. దాని గోడకు సున్నం కొట్టి, గుమ్మానికి పాత పేరు తగిలించిన మరో ఇల్లు.

ఆబిడ్స్‌లో దొరికిన ఎడారి

ఇరవై ఏళ్ళు దాటిన మాట. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో అట్ట నలిగిన పుస్తకం ఒకటి నా చేతికి తగిలింది. ఎవరో దేశాంతరం నుంచి తెచ్చుకుని, ఇల్లు ఖాళీ చేస్తూ కాగితాల వాడికి వేసినట్టుంది. పెట్టె లేదు, పటం లేదు, నియమాల పుస్తకం లేదు. ఉన్నది ఒక బాటసారి దినచర్య. ముప్పై రూపాయలకు బేరమాడి తెచ్చుకున్నాను. అది డార్క్ సన్ అనే కథాలోకం తాలూకు పుస్తకమనీ, 1991లో టిమొతీ బ్రౌన్, ట్రాయ్ డెనింగ్ దాన్ని రూపొందించారనీ, ఆ లోకానికి ఒక చూపును ఇచ్చిన చిత్రకారుడు బ్రామ్ అనీ తర్వాత తెలుసుకున్నాను.

ఆ లోకం పేరు అథాస్. అక్కడ సముద్రం లేదు, ఉన్నది ధూళి. దేవుళ్ళు లేరు. పూజారులు నీటినో నిప్పునో గాలినో మట్టినో కొలుస్తారు. లోహం దాదాపుగా లేదు. కత్తి అంటే ఎముకో, రాయో, అగ్నిపర్వతాలు కక్కిన నల్లగాజో. నాణెం కాల్చిన మట్టి. అన్నిటికన్నా ముఖ్యమైనది, అక్కడ మంత్రవిద్యకు శక్తి పచ్చదనం నుంచి వస్తుంది. నిగ్రహం లేని మాంత్రికుడు మంత్రం వేస్తే చుట్టూ ఉన్న మొక్కలు బూడిదవుతాయి, ఆ నేల మళ్ళీ మొలకెత్తదు. లోకం ఎడారి అయింది ఆ కారణంగానే. నగరాలను ఏలే మాంత్రిక చక్రవర్తులు ఆ పాపం మీద కూర్చుని నీళ్ళను కొలిచి పోస్తూ రాజ్యం చేస్తుంటారు.

గమనించండి, పైన నేను చెప్పినవాటిలో ఎక్కువభాగం లేనివాటి జాబితా. నీళ్ళు లేవు, ఇనుము లేదు, దేవుడు లేడు, ఖర్చు లేని మంత్రం లేదు. మామూలు ఆటలో ఏ సంతలోనైనా దొరికే ఇనుపకత్తి అథాస్‌లో దొరికితే అది ఒక కథ. మామూలు ఆటలో పూజారి చిటికెలో సృష్టించే నీళ్ళ కోసం అథాస్‌లో ఊళ్ళు ఊళ్ళనే కొల్లగొడతారు. ఏ కలిమినీ చేర్చకుండా, ఉన్నవి తీసేయడం ద్వారా ఆ ఇద్దరూ ఒక లోకాన్ని నిలబెట్టారు.

తెలిసి చేసినప్పుడు

పునరుద్ధరణలన్నీ చెడ్డవని నేనడం లేదు. ఇదే అథాస్ 2010లో నాలుగవ కూర్పులో తిరిగి వచ్చింది. ఆ కూర్పు నియమాలంటే నాకు మోజు లేదు, అయినా న్యాయం న్యాయమే. ఆ పుస్తకం రాసినవారు తమ నియమాల పుస్తకంలో ఉన్న దైవశక్తి పాత్రలను ఆ లోకపు గుమ్మం దగ్గరే ఆపారు. అథాస్‌లో దేవుళ్ళు లేరు కనుక వీరికి ఇక్కడ చోటు లేదన్నారు. తమ నియమాలను లోకానికి లొంగదీశారు. అంతేకాదు, పాత పెట్టెలో లేని ఒక కొత్త నియమం కల్పించారు. మాంత్రికుడు తన పెద్ద మంత్రం వేసి, పాచిక కలిసిరాకపోతే, నేలనుంచి ప్రాణాన్ని పిండి ఆ పాచికను మళ్ళీ వేసుకోవచ్చు. అప్పుడు దెబ్బ తినేది శత్రువు కాదు, చుట్టుపక్కల ఉన్న తన మిత్రులు.

2011లో మా బల్ల దగ్గర జరిగిన సంగతి చెబుతాను. కథలో మావాళ్ళు ఒక ఒయాసిస్సు దగ్గర చుట్టుముట్టబడ్డారు. మాంత్రికుడి పాత్ర వేస్తున్న మిత్రుడు పాచిక వేశాడు. పడింది మూడు. మళ్ళీ వేసుకునే హక్కు అతనికుంది. పాచిక గుప్పిట్లో పెట్టుకుని అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. పక్కన కూర్చున్న మిత్రుడి పాత్ర అప్పటికే చావుబతుకుల్లో ఉంది. "వేసుకోరా, ఫర్వాలేదు" అన్నాడతను. ఇతను పాచికను బల్ల మీద పెట్టేసి, "వద్దులే" అన్నాడు. ఆ పోరులో మేం ఓడిపోయాం. పద్నాలుగేళ్ళు దాటినా మా గుంపులో ఎవరు కలిసినా ఆ "వద్దులే" గురించి మాట్లాడుకోకుండా లేవరు. ఆ మాటను సాధ్యం చేసింది ఒక లేమి. ఆ లోకంలో ఖర్చు లేని మంత్రం ఉండి ఉంటే ఆ రాత్రి మాకు గుర్తుంచుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

తెలియక చేసినప్పుడు, తెలిసీ చేసినప్పుడు

ఇక రెండో పక్క చూడండి. 1989లో జెఫ్ గ్రబ్ స్పెల్‌జామర్ అనే లోకాన్ని కట్టాడు. తెరచాప ఓడలు నక్షత్రాల మధ్య తేలిపోయే లోకం. వినడానికి పిల్లల కలలా ఉంటుంది, కానీ లోపల కట్టుదిట్టమైన బిగింపులున్నాయి. ఓడను నడిపే ఆసనంలో కూర్చున్న మాంత్రికుడు ఆ రోజుకు తన మంత్రాలన్నీ వదులుకోవాలి. అంటే ఎవరు ఓడ నడపాలన్నది ప్రతి ప్రయాణానికీ ముందు ఒక తగవు. గోళానికీ గోళానికీ నడుమ ఫ్లొజిస్టన్ అనే వాయుసముద్రం ఉంటుంది. అందులో నిప్పు వెలిగిస్తే పేలిపోతుంది. అక్కడ దేవుళ్ళకు మొర వినిపించదు. దీపం వెలిగించుకోలేని, దేవుణ్ణి పిలుచుకోలేని చోట వారాల తరబడి సాగే ప్రయాణాన్ని ఊహించుకోండి.

2022 ఆగస్టులో అయిదవ కూర్పుకు అది తిరిగి వచ్చింది. 64 పుటల పుస్తకాలు మూడు, ఒక అట్టపెట్టెలో. బొమ్మలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. ఫ్లొజిస్టన్ లేదు, దాని స్థానంలో ఆస్ట్రల్ సముద్రం. నిప్పు భయం లేదు. ఆసనంలో కూర్చున్నవాడు మంత్రాలు వదులుకోనక్కరలేదు. ఓడలకూ ఓడలకూ జరిగే యుద్ధానికి నియమాలు అతి స్వల్పం. ఎవరికీ ఏ ఇబ్బందీ లేని ప్రయాణం. ఇబ్బంది లేని ప్రయాణానికి కథ ఎందుకు? బస్సు టికెట్టు చాలదా?

ఇదంతా అజ్ఞానం వల్ల జరిగిందని నేననుకోను. దీని వెనుక ఒక సిద్ధాంతం ఉంది. నియమాల పుస్తకం కొన్నవాడు అందులోని ఏ జాతినైనా, ఏ వృత్తినైనా, ఏ లోకంలోనైనా ఆడుకోగలగాలి, అతనికి ఎక్కడా "కుదరదు" అనే మాట వినిపించకూడదు అన్నది ఆ సిద్ధాంతం. వ్యాపారంగా చూస్తే అర్థం చేసుకోదగినదే. తొలి ప్రచురణ సంస్థ టీఎస్ఆర్ అప్పుల్లో కూరుకుపోయి 1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ చేతికి వెళ్ళింది. లోకాలు ఎక్కువై కొనేవారు చీలిపోవడం ఆ పతనానికి ఒక కారణమని తరచూ చెబుతారు. ఆ భయం నుంచే ప్రతి పుస్తకమూ అందరికీ పనికిరావాలన్న పట్టుదల పుట్టింది. అయితే అందరికీ పనికివచ్చే లోకం ఒకటి ఉన్నప్పుడు ఇన్ని పాత పేర్లు ఎందుకు తవ్వి తీయడం?

ఫర్గాటెన్ రియల్మ్స్ సంగతి ఇంకా విచిత్రం. ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్ననాటి ఊహల్లో మొలకెత్తి, 1987లో పెట్టెగా అచ్చయిన లోకమది. 2008లో నాలుగవ కూర్పు నియమాల్లోకి కొత్త జాతులూ, కొత్త మంత్ర పద్ధతీ వచ్చాయి. వాటికి చోటు చేయడానికి ఆ లోకంలో మంత్రదేవతను చంపి, మంత్రమారిని రేపి, భూఖండాలను తారుమారు చేసి, కాలాన్ని దాదాపు 100 ఏళ్ళు ముందుకు దూకించారు. ఇరవై ఏళ్ళుగా పాఠకులు ఎరిగిన పాత్రల్లో దీర్ఘాయుష్మంతులు కానివారంతా ఒక్క గెంతులో కాలం చేశారు. మళ్ళీ అయిదవ కూర్పు నాటికి, 2013–14లో, ఆరు నవలల వరుస ఒకటి రాయించి, ఖండాలను యథాస్థానాలకు చేర్చి, చచ్చిన దేవతలను లేపారు. చెప్పులకు తగినట్టు కాళ్ళు కోసుకుని, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ అతికించుకున్నట్టయింది.

"అంతా ఇముడుతుంది" అన్న ఎబెరాన్ మాటేమిటి అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 2002లో జరిపిన పోటీకి వచ్చిన దాదాపు 11,000 ప్రతిపాదనల్లోంచి నెగ్గి, 2004లో పుస్తకంగా వచ్చిన కీత్ బేకర్ లోకమది. ఆటలో ఉన్న ప్రతిదానికీ అందులో చోటుంటుందని మొదటే చెప్పారు. కానీ దాని లేమి మరోచోట ఉంది. అక్కడ దేవుళ్ళు ఉన్నారో లేరో ఎవరికీ తెలియదు, వారు వచ్చి సాక్ష్యం చెప్పరు. ఒక దేశం మొత్తాన్ని ఒక్క రోజులో తుడిచేసిన ఉత్పాతానికి కారణం ఏమిటో రచయితలు ఏ పుస్తకంలోనూ తేల్చరు. తేల్చబోమని ముందే చెప్పారు. 2009లోనూ, 2019లోనూ ఆ లోకం కొత్త కూర్పుల్లోకి వచ్చినప్పుడు కాలాన్ని ఒక్క ఏడాది కూడా ముందుకు జరపలేదు, ఆ రహస్యం విప్పలేదు. అందుకే అది రెండుసార్లూ చెక్కుచెదరలేదు. నా వాదనకు ఎబెరాన్ విరోధి కాదు, సాక్షి.

మార్పు ద్రోహం కాదు

ఇంతవరకూ చదివి, "సరే, ఇతనూ పాతచింతకాయ పచ్చడి బాపతే" అనుకునేవారికి ఇప్పుడు సమాధానం చెప్పాలి. ఎందుకంటే ఈ తగవులో రెండో పక్షం కూడా నాకు నచ్చదు. పాత పుస్తకంలో ఒక్క అక్షరం మార్చినా అపచారమనే పక్షం అది. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, కొంతకాలం నేనూ ఆ పక్షంలోనే ఉన్నాను.

రేవెన్‌లాఫ్ట్ చూడండి. 1983లో ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు రాసిన 32 పుటల చిన్న కథగా మొదలైంది. రక్తపిశాచమైన ఒక ప్రభువు, పొగమంచు చుట్టుముట్టిన అతని కోట. 1990లో అది పూర్తి లోకమైంది. అందులో విస్తానీ అనే సంచారజాతిని ఐరోపాలోని రోమా ప్రజల మీద ఉన్న పాత దురభిప్రాయాలతోనే చిత్రించారు. వాళ్ళంటే తాగుబోతులు, దొంగలు, శాపాలు పెట్టేవాళ్ళు. 2020లో విస్తానీ చిత్రణను సరిదిద్దుతామని సంస్థ ప్రకటించింది, 2021 నాటి వాన్ రిక్టెన్ పుస్తకంలో వారిని మనుషులుగా చూపింది. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చీకటి రాజ్యాలను విడదీసి, పొగమంచులో ఎవరి దీవి వారిదిగా చేసింది. అప్పట్లో ఈ మార్పుల మీద నేను మిత్రుల దగ్గర చాలా గొంతు చించుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ లోకపు ఆయువుపట్టు చెక్కుచెదరలేదు. ఆ పొగమంచులోంచి బయటపడే దారి లేదు. తన పాపం నుంచి పాఠం నేర్చుకోలేని ప్రభువు ఆ చెరలోనే ఉంటాడు. ఆ రెండు లేములూ ఉన్నంతకాలం అది రేవెన్‌లాఫ్టే. విస్తానీ మీద వేసిన నింద దాని ప్రాణం కాదు, అది పట్టిన మకిలి. కడగవలసిందే.

మన దాకా వస్తే మరీ స్పష్టం. 1977 నాటి ఆ ఆట భూతాల పుస్తకంలో రాక్షసుడు ఉన్నాడు. మన రాక్షసుడే, పేరు కూడా అదే. కానీ పులి తల, చేతిలో పొగగొట్టం, ఒంటిమీద దొరల కోటు. రావణుణ్ణీ హిడింబినీ చదువుకున్నవాడికి ఆ బొమ్మ చూస్తే నవ్వొస్తుంది. రాక్షసి అయిన హిడింబి భీముడికి భార్య అనీ, ఘటోత్కచుడికి తల్లి అనీ ఆ చిత్రకారుడికి ఎవరూ చెప్పి ఉండరు. దాన్ని యథాతథంగా కాపాడాలని నేను ఉద్యమించను. 2022లో వచ్చిన రేడియంట్ సిటడెల్ పుస్తకంలో మిమీ మొండల్ బెంగాలు నదులనూ అడవులనూ తలపించే శంఖభూమి అనే చోటును రాసింది. ఆ నేల నుంచి వచ్చిన మనిషి రాస్తే ఎలా ఉంటుందో తెలిసింది.

కానీ కడగడం వేరు, సున్నం వేయడం వేరు. 2022 స్పెల్‌జామర్‌లోనే హాడోజీ అనే కోతిని పోలిన జాతికి బానిసత్వంతో ముడిపడిన పూర్వకథ ఒకటి కట్టారు. విమర్శలు చెలరేగాక సెప్టెంబరులో క్షమాపణ చెప్పి దాన్ని తీసేశారు. ఫ్లొజిస్టన్‌లో నిప్పు అంటుకుంటుందన్న నియమం మీద చూపిన శ్రద్ధ, ఆటగాళ్ళకు ఇబ్బందని దాన్ని తొలగించిన ఆ శ్రద్ధ, ఈ కథ రాసేటప్పుడు చూపి ఉంటే బాగుండేది. లేమిని పూడ్చడానికి ఉన్న ఆత్రం మకిలిని కడగడానికి లేకపోయింది.

అథాస్ విషయంలో ఇది మరీ బాధ. 2014 నుంచి 2024 దాకా నడిచిన పదేళ్ళ కాలంలో ఆ లోకానికి ఒక్క పుస్తకం రాలేదు. అందులో చిక్కులు ఎక్కువని ఆట నిర్వాహకుల్లో ఒకరు 2023లో బహిరంగంగానే అన్నారు. చిక్కు ఏమిటంటే అక్కడ బానిసత్వం ఉంది. నిజమే, ఉంది. కానీ దాన్ని నడిపేది మాంత్రిక చక్రవర్తులు. తొలి పెట్టెలోని కథలో పాత్రధారులు బానిసలుగానే కళ్ళు తెరుస్తారు, తొలి నవలలోనే టైర్ నగరపు నిరంకుశుడు కలక్ కూలిపోతాడు. ఆ లోకం బానిసత్వాన్ని అలంకారంగా పెట్టలేదు, కూల్చవలసిన గోడగా పెట్టింది. పాత పుస్తకాల్లో అజాగ్రత్తగా రాసిన పుటలు ఉన్నాయి. అడ్డజాతి కూలీల పుట్టుక గురించిన వాక్యాలు నేనైతే తిరగరాస్తాను. కానీ దుర్మార్గాన్ని చూపించడానికే జంకితే, దాన్ని ఎదిరించే కథ ఎక్కడినుంచి వస్తుంది?

ఎర్రన చేసిన పని

మనకు ఈ విషయంలో ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. పాత కథను మళ్ళీ చెప్పడం మన సాహిత్యానికి వృత్తి. విశ్వనాథ కల్పవృక్షానికి పూనుకుంటూ మళ్ళీ రామాయణం ఎందుకన్న ప్రశ్నను తానే ఎత్తుకున్నారు. 1957 నాటి మాయాబజార్ కథ వ్యాసుడి భారతంలో లేదు, అయినా అది మన ఇళ్ళలో భారతంలో భాగమైపోయింది. కొత్తగా చేర్చినందుకు ఎవరమూ కోపగించుకోలేదు. ఘటోత్కచుడు ఘటోత్కచుడిలా, శకుని శకునిలా ఉన్నారు కనుక.

నాకు అన్నిటికన్నా ఆదర్శంగా కనిపించేవాడు ఎర్రన. పదకొండో శతాబ్దంలో నన్నయ ఆదిసభాపర్వాలు ముగించి, అరణ్యపర్వం సగంలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన దాన్ని వదిలి విరాటపర్వం నుంచి అందుకున్నాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన ఆ మిగిలిన అరణ్యపర్వశేషాన్ని పూరించాడు. తన ప్రభువు పేరు పెట్టుకోకుండా, నన్నయను భారతానికి పురికొల్పిన రాజరాజు పేరిటనే దాన్ని వెలయించాడు. మొదట్లో నన్నయలా వినిపించి, చివరికి తిక్కనకు చేరువవుతాడని విమర్శకులంటారు. పాత గోడను తనకు తగినట్టు కొట్టేయలేదు. గోడ ఎక్కడ ఆగిందో చూసి, ఆ ఇటుక కొలతనే తీసుకుని, రెండువైపులా అతుకు కనిపించకుండా కట్టాడు. పునరుద్ధరణ అంటే నా దృష్టిలో ఇదీ.

ఆ ఆటలోనూ ఎర్రనలు లేకపోలేదు. మూడవ కూర్పు కాలంలో సంస్థ అథాస్‌ను పట్టించుకోనప్పుడు, దాని అభిమానులు కొందరు ఆ సంస్థ గుర్తింపుతోనే కొత్త నియమాలకు ఆ లోకాన్ని మార్చి, ఏళ్ళ తరబడి రాసి, ఉచితంగా పంచారు. జీతం లేదు, పేరు లేదు. మన కీబోర్డులకు తెలుగు రాని రోజుల్లో ఖతులు చేసినవారినీ, లేఖినిలో టైపు చేసి పద్యాలు ఎక్కించినవారినీ ఎరిగిన మీకు ఆ శ్రమ ఏమిటో నేను వివరించనక్కరలేదు.

మా మేనల్లుడి పూజారి

కిందటేడు వేసవి సెలవుల్లో మా మేనల్లుడు కొత్త నియమాల పుస్తకం పట్టుకుని వచ్చాడు. పద్నాలుగేళ్ళు. అథాస్ కథ చెబుతానన్నాను. వాడు పాత్ర రాసుకొచ్చాడు, సూర్యదేవుణ్ణి కొలిచే పూజారి.

"ఒరేయ్, ఈ లోకంలో దేవుళ్ళు లేరురా" అన్నాను.

"పుస్తకంలో ఉంది కదా మామయ్యా. పూజారి ఎవడైనా ఆడొచ్చట."

"ఆ పుస్తకంలో ఉంది. ఈ లోకంలో లేదు."

మూతి ముడుచుకున్నాడు. కాసేపు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, "మరి వాళ్ళు ఎవరికి దణ్ణం పెడతారు?" అని అడిగాడు. నీళ్ళకు పెట్టేవాళ్ళున్నారని చెప్పాను. వాడు పాత కాగితం చించేసి నీటిపూజారిని రాసుకున్నాడు. నాలుగో రోజు ఆటలో చావబోతున్న ఒక శత్రుసైనికుడికి తన తోలుసంచిలోని ఆఖరి గుక్క పోశాడు. మిగతావాళ్ళు లబోదిబోమన్నారు. "నేను పూజారిని, నీళ్ళు అడిగినవాడికి లేదనకూడదు" అన్నాడు వాడు. ఆ సూత్రం నేను చెప్పింది కాదు, ఏ పుస్తకంలోనూ చూసింది కాదు. దేవుడు లేని చోట వాడే కనిపెట్టుకున్నాడు.

నేను ఆ రోజు "సరేలే, ఏదో ఒకటి ఆడుకో" అని ఉంటే వాడికి సూర్యదేవుడు దక్కేవాడు. నీళ్ళు మాత్రం నీళ్ళుగానే ఉండిపోయేవి.

అడుగుతున్నవి మూడు

కనుక నేను కోరేది ఇది. మొదటిది, పాత లోకాన్ని తిరిగి తెచ్చే ప్రతి పుస్తకంలోనూ మొదటి పుటలో "ఈ లోకంలో లేనివి" అని ఒక జాబితా ఉండాలి. సూత్రధారి ఇష్టపడితే ఆ జాబితాను తన ఇంట్లో కొట్టేసుకోవచ్చు, అది అతని బల్ల. కానీ కొట్టేయడానికైనా అది ముందు ఉండాలి కదా.

రెండవది, నియమం లోకానికి లొంగాలి. లోకాన్ని నియమానికి లొంగదీయవద్దు. 2010లో చేయగలిగినది ఎప్పుడైనా చేయవచ్చు. పుటలు ఎక్కువ అక్కరలేదు. గైగాక్స్ 1980లో తన గ్రేహాక్ లోకాన్ని 32 పుటల్లో, డార్లీన్ గీసిన పెద్ద పటంతో ఇచ్చాడు. మిగిలింది ఆడేవాళ్ళకు వదిలేశాడు. 2024 సూత్రధారుల పుస్తకంలో గ్రేహాక్‌ను మళ్ళీ ఒక్క అధ్యాయంలో, పటంతో సహా క్లుప్తంగా ఇచ్చారు. ఖాళీని ఖాళీగా వదలడం వారికి చేతకానిది కాదని దానివల్ల తెలుస్తోంది.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. తిరిగి తేవడానికి మనసొప్పని లోకాలను వదిలేయండి. 2023 జనవరిలో లైసెన్సు మార్చబోయి, లోకమంతా తిరగబడితే, ఆ నెల 27న మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ ఇచ్చేశారు. ఆకాశం విరిగిపడలేదు. నియమాలు జనానివి అయ్యాయి, లోకాలు మాత్రం బీరువాలోనే ఉన్నాయి. 2016 నుంచి నడిచే డీఎమ్స్ గిల్డ్ అనే సంతలో, అనుమతించిన లోకాల గురించి అభిమానులు రాసి అమ్ముకోవచ్చు, రాబడిలో సగం రచయితది. అది కౌలు. నేనడుగుతున్నది పట్టా. ముప్పై ఏళ్ళు దున్నినవాడికి ఆ నేల మీద ఏ హక్కూ లేదనడం ఏ ఊరి న్యాయం?

నా దగ్గర ఆ ఆబిడ్స్ పుస్తకం ఇంకా ఉంది. అట్ట ఊడిపోతే గోధుమరంగు కాగితం వేశాను. మొన్న మేనల్లుడు ఊరికి వెళుతూ దాన్ని అడిగి పట్టుకెళ్ళాడు. వాళ్ళ స్కూల్లో నలుగురికి తను సూత్రధారి అవుతాడట. అందులో ఒక పిల్ల అప్పుడే సూర్యదేవుడి పూజారిని రాసుకొచ్చిందట, ఏం చెప్పాలో అడగడానికి ఫోను చేశాడు. నువ్వేం చెబితే అదే అన్నాను.

మీ ఎరుకలో ఇలా సున్నం కొట్టిన కథలు, ఇలా అతుకు కనబడకుండా కట్టిన కథలు ఉంటే, అవి ఆటలే కానక్కరలేదు, వ్యాఖ్యల్లో చెప్పండి. నాతో విభేదించేవారు మొహమాటపడకండి. ముఖ్యంగా ఫ్లొజిస్టన్ పోవడమే మంచిదయిందనే మిత్రులు ఎవరైనా ఉంటే, వారి వాదన వినాలని ఉంది.